పెద్ద సంఖ్యను ముక్కలు చేయడానికి పారీ/జీపీ ఎంతవరకు పనికొస్తుంది?

340282366920938463463374607431768211457.

ముప్పై తొమ్మిది అంకెలు. 2^128కి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది, ఫెర్మా సంఖ్యల (2కి 1, 2, 4, 8 ఇలా రెట్టింపయ్యే ఘాతాలు వేసి ఒకటి కలిపినవి) వరసలో ఎఫ్7. ఇది ప్రధాన సంఖ్య కాదని 1905లోనే తేలింది. అయితే ఏ రెండింటి లబ్ధమో తేలడానికి మరో 65 ఏళ్లు పట్టింది. 1970లో మోరిసన్, బ్రిల్‌హార్ట్ కొత్త పద్ధతి ఒకటి కట్టి దీన్ని విడగొట్టారు. ఇప్పుడు పారీ/జీపీ అనే గణిత సాఫ్ట్‌వేర్ తెరిచి ఫ్యాక్టర్(2^128+1) అని కొడితే, ఎంటర్ మీంచి వేలు తీసేలోపే 59649589127497217, 5704689200685129054721 తెర మీద ఉంటాయి. పైసా ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదటిసారి చూసినవాళ్లు ఈ వేగానికి మురిసిపోయి, వెంటనే 150 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి రాత్రంతా ఎదురుచూస్తారు. పారీకి హద్దు ఉంది. ఆ హద్దు అంకెల లెక్కలో మాత్రమే లేదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

పారీ/జీపీ ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో ఆన్రీ కోయెన్ బృందం చేతిలో పుట్టింది. 1980ల నాటి సరుకు, ఇప్పటికీ అక్కడే పెరుగుతోంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డెబియన్, ఉబుంటుల్లో పారి-జీపీ అనే ప్యాకేజీగా దొరుకుతుంది, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారా వస్తుంది, విండోస్‌కు విడిగా ఇన్‌స్టాలర్ ఉంది. ఏదీ ఎక్కించుకోకుండా రుచి చూడాలంటే వాళ్ల వెబ్‌సైట్‌లో బ్రౌజర్‌లోనే నడిచే రూపం ఉంది. చిన్న ప్రయోగాలకు అది చాలు, పెద్ద పనికి చాలదు. ఆదేశాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టాలి, మాడ్‌లో మొదటి అక్షరం మాత్రం పెద్దబడి. ఇక్కడ వాటిని పలికినట్టు రాస్తున్నాం.

తెరవగానే మొదట హాష్ గుర్తు ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కండి. అప్పటినుంచి ప్రతి లెక్కకూ ఎంత సమయం పట్టిందో కింద చూపిస్తుంది. ఈ రకం పనిలో గడియారం లేకుండా కూర్చోకూడదు.

జవాబు రెండు నిలువు వరసల మాత్రికగా వస్తుంది. ఎడమ వరసలో ప్రధాన కారణాంకాలు, కుడి వరసలో ఘాతాలు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన మహావీరాచార్యుడి గణితంలో హారంలా అల్లిన సంఖ్యలు కొన్ని ఉన్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్లీ ఒకటికి దిగే 12345654321 వాటిలో ఒకటి. దాన్ని ఇస్తే ఎడమ వరసలో 3, 7, 11, 13, 37, కుడి వరసలో అన్నీ 2లే. అంటే ఇది 111111 వర్గం. హారం ఎలా అల్లారో దారంతో సహా కనిపిస్తుంది.

లోపల ఏం జరుగుతుందంటే, ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించి చూస్తుంది. మిగిలినదాని మీద పొలార్డ్ రో, షాంక్స్ పద్ధతులు. అవీ లొంగకపోతే ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి, ఈసీఎం అంటారు. అదీ కాకపోతే చివరగా క్వాడ్రాటిక్ జల్లెడ, అంటే ఎంపీక్యూఎస్. ఈ వరస తెలిస్తేనే ఏ సంఖ్య ఎందుకు ఆగిపోయిందో అర్థమవుతుంది. భాగహారం, రో, ఈసీఎంల కష్టం దాగున్న కారణాంకం ఎంత పెద్దదన్న దాని మీద ఉంటుంది. జల్లెడ కష్టం మాత్రం మొత్తం సంఖ్య ఎంత పొడవన్న దాని మీద.

ఎఫ్7 పక్కన ఎఫ్8ని పెట్టి చూడండి. అది 2^256+1, 78 అంకెలు, పొడవులో సరిగ్గా రెట్టింపు. కష్టం కూడా రెట్టింపో పదింతలో అనుకుంటాం. కానీ ఎఫ్8లో చిన్న కారణాంకం 1238926361552897, పదహారు అంకెలే. ఎఫ్7లోని చిన్నది పదిహేడు అంకెలు. రో పద్ధతికి పట్టే అడుగులు సుమారుగా చిన్న కారణాంకపు వర్గమూలమంత. ఎఫ్8కి అది మూడున్నర కోట్లు, ఎఫ్7కి ఇరవై నాలుగు కోట్లు. రో కళ్లతో చూస్తే 78 అంకెల సంఖ్యే తేలిక! జల్లెడ కళ్లతో చూస్తే తిరగబడుతుంది: 39 అంకెలు దానికి పూచికపుల్ల, 78 అంకెలకు నిమిషాలు పడతాయి. రెండు ఆయుధాలూ ఒకే పెట్టెలో ఉండటమే పారీ గొప్ప. ఒకదానికి కష్టమైనది ఇంకొకదానికి తేలిక కావచ్చు.

లినక్స్‌లో పుట్టుకతోనే వచ్చే ఫ్యాక్టర్ ఆదేశంతో పోలిస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. అది రో మీదే ఆధారపడుతుంది. ఇరవై అంకెల లోపు సంఖ్యలకు అంతకన్నా చేతికందే పనిముట్టు లేదు. రెండు ముప్పై అంకెల ప్రధాన సంఖ్యల లబ్ధం ఇస్తే మాత్రం గడ్డకట్టుకుపోతుంది. అదే 60 అంకెల సంఖ్యను పారీ సెకన్లలో విడగొడుతుంది. 70 అంకెలకు నిమిషం అటూ ఇటూ, 80 అంకెలకు కొన్ని నిమిషాలు. జల్లెడ పద్ధతికి వాడుకలో ఉన్న బండలెక్క ఏమిటంటే, మూడు అంకెలు పెరిగితే సమయం రెట్టింపు. 85 దగ్గరకు వచ్చేసరికి దీనికి గంటలు పడతాయని పారీయే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను నమ్మండి.

ఇక చిక్కులు. మొదటిది మన సంఖ్యలు రాసే అలవాటు నుంచే వస్తుంది. కామాలు పెట్టి 98,765 అని ఇస్తే పారీ తప్పని చెప్పదు. 98ని విడగొట్టమన్నారు, 765 దాకానే భాగించి చూడమన్నారు అని అర్థం చేసుకుని 2, 7 చూపించి ఊరుకుంటుంది. కామాలు మూడు నాలుగు ఉంటే కనీసం తిట్టి ఆపుతుంది, ఒక్కటి ఉంటేనే ప్రమాదం. రెండోది, 1ఈ20 అని ఘాతం రూపంలో రాస్తే అది పూర్ణాంకం కాదు, దశాంశ సంఖ్య అవుతుంది. ఫ్యాక్టర్ దాన్ని ముట్టుకోదు. 10^20 అని రాయాలి. పీడీఎఫ్ నుంచి సంఖ్యను అతికించినప్పుడు వరస మధ్యలో విరిగిపోతుంటుంది. ముందు సంఖ్యను ఎన్ అనే పేరులో దాచి, హాష్ గుర్తు తర్వాత డిజిట్స్(ఎన్) అని అడిగితే అంకెల లెక్క చెబుతుంది. అది సరిపోయాకే విడగొట్టడం మొదలుపెట్టాలి. ఒక్క అంకె జారిపోయిన సంఖ్యను గంటసేపు విడగొట్టి, జవాబు తప్పని సాఫ్ట్‌వేర్‌ను నిందించేవాళ్లు చాలామంది.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ఫ్యాక్టర్‌కు రెండో విలువ ఇవ్వడంలో ఉంది. ఫ్యాక్టర్(2^128+1, 10^5) అని అడగండి. లక్ష లోపు కారణాంకం లేదు కాబట్టి మొత్తం 39 అంకెల సంఖ్యనే ఎడమ వరసలో, పక్కన ఘాతం 1తో పెట్టి ఇస్తుంది. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యకు ఇచ్చే జవాబులాగే ఉంటుంది. హద్దు పెట్టి విడగొట్టినప్పుడు చివరి వరసను, ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ఈజ్‌ప్రైమ్‌తో పరీక్షించకుండా నమ్మకూడదు. పూర్ణాంకాలను విడగొట్టే మరో ఆదేశం ఫ్యాక్టర్‌ఇంట్‌లోనూ ఇలాంటిదే ఉంది: రెండో విలువగా 8 ఇస్తే చివరి ఈసీఎం దశను వదిలేస్తుంది, దాంతో పెద్ద సంయుక్త సంఖ్య ఒకటి ప్రధాన సంఖ్య వేషంలో బయటికి రావచ్చు.

ప్రధాన సంఖ్య అని పారీ అన్నప్పుడు దానికి రుజువు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. మామూలుగా ఫ్యాక్టర్ ఇచ్చే పెద్ద కారణాంకాలు బీపీఎస్‌డబ్ల్యూ అనే వేగవంతమైన పరీక్ష దాటినవి, అంతే. ఆ పరీక్షను మోసగించిన సంయుక్త సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. 2^64 లోపు లేదని సరిచూశారు కూడా. అయినా గణితంలో దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. రుజువు కావాలంటే డీఫాల్ట్(ఫ్యాక్టర్_ప్రూవెన్, 1) అని ఒకసారి పెట్టుకోవాలి. లేదా వచ్చిన కారణాంకాన్ని ఈజ్‌ప్రైమ్‌కు ఇవ్వాలి, అది ఇచ్చేది రుజువైన జవాబు. ఈజ్‌స్యూడోప్రైమ్ అలా కాదు, అది పరీక్ష మాత్రమే. రుజువు పత్రం చేతికి కావాలంటే ప్రైమ్‌సర్ట్ ఉంది. కాన్పూర్ ఐఐటీలో 2002లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టిన ఏకేఎస్ అనే రుజువు పద్ధతి ఇందులో వాడరు. సిద్ధాంతంగా అది మైలురాయి, కానీ వాడుకలో ఎలిప్టిక్ కర్వ్ రుజువులు దానికన్నా చాలా వేగం.

సంఖ్య ధర్మాలు చూసేవాళ్లకు పారీ విందుభోజనమే. భాజకాల సంఖ్యకు నమ్‌డివ్, భాజకాల మొత్తానికి సిగ్మా, ఆయిలర్ ఫైకి (సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యల లెక్క) ఆయిలర్‌ఫై, మోబియస్‌కు మోబియస్. రామానుజన్ 1915లో అతి సంయుక్త సంఖ్యల (తనకన్నా చిన్న ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలున్నవి) పట్టిక వేసినప్పుడు ఒక సంఖ్య జారిపోయింది: 293318625600. నమ్‌డివ్‌కు ఇస్తే 5040 అంటుంది. దాన్ని 23తో గుణిస్తే 6746328388800, భాజకాలు 10080. చేత్తో వేసిన ఆ పట్టిక ఎంత పొడుగుదో తెలిస్తే, ఒక్కటే జారిపోవడం ఆశ్చర్యం.

ఇక్కడ పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. డెబ్భై అంకెల సంఖ్యకు నమ్‌డివ్, సిగ్మా, ఆయిలర్‌ఫై మూడూ విడివిడిగా అడిగితే మూడుసార్లూ మొదటినుంచి విడగొడుతుంది. ఒకసారి ఫ్యాక్టర్ చేసి ఆ మాత్రికను ఒక పేరులో దాచుకుని, మూడింటికీ ఆ మాత్రికనే ఇవ్వాలి. అవి మాత్రికను కూడా తీసుకుంటాయి. నిమిషాల పని క్షణంలో ముగుస్తుంది.

ఎఫ్7 దగ్గరికే మళ్లీ వద్దాం, దీనిలో రుచి ఇంకా ఉంది. ఫెర్మా సంఖ్య కారణాంకాలు ఎలా పడితే అలా ఉండవు. ఎఫ్7కి ప్రతి ప్రధాన కారణాంకమూ 512 గుణిజానికి ఒకటి ఎక్కువ. చిన్నదాన్నే తీసుకోండి: 116503103764643ని 512తో గుణించి ఒకటి కలిపితే సరిగ్గా 59649589127497217. దీన్ని పీ అనే పేరులో దాచి జడ్‌ఎన్‌ఆర్డర్(మాడ్(2, పీ)), అంటే 2కి ఏ కనిష్ఠ ఘాతం వేస్తే పీతో భాగించగా 1 మిగులుతుందో అడిగితే 256 వస్తుంది, కారణానికి మూలం అందులోనే ఉంది. ఇంకొకటి, ఈ సంఖ్య రెండు వర్గాల మొత్తం అని రూపంలోనే తెలుస్తోంది: 18446744073709551616 వర్గానికి 1 వర్గం కలపడమే. రెండో విధంగా కూడా రాయవచ్చు: 16382350221535464479 వర్గం, 8479443857936402504 వర్గం. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదని ఆయిలర్ నాటినుంచి తెలుసు, ఆ రెండు రూపాల నుంచి గ.సా.భా. తీసి కారణాంకం కూడా రాబట్టవచ్చు. పారీలో రెండు వరసలు రాసి సరిచూసుకోండి. వర్గాలు వేసి కలిపితే 39 అంకెలూ వచ్చి తీరాలి.

పెద్ద లెక్కల మధ్యలో స్టాక్ (పారీ లెక్కలకు వాడుకునే జ్ఞాపకస్థలం) నిండిపోయిందని ఆగిపోవడం తరచూ జరుగుతుంది. మొదట్లో పారీ తీసుకునే చోటు 8 మెగాబైట్లే. డీఫాల్ట్(పారీసైజ్‌మ్యాక్స్, "1జీ") అని ఇస్తే అవసరమైనంత పెరుగుతూ పోతుంది. రోజూ వాడేవాళ్లు ఆ వరసను, పారీ మొదలయ్యేటప్పుడు చదివే జీపీఆర్సీ ఫైలులో పెట్టేసుకుంటే గొడవ ఉండదు. లోపల ఏ దశలో ఉందో తెలియక విసుగొస్తే, వెనక్కి వాలిన గీత తర్వాత జీ, 4 కొట్టి చూడండి. ఏ పద్ధతి నడుస్తోందో, జల్లెడలో ఎన్ని సంబంధాలు పోగయ్యాయో చెబుతూ పోతుంది.

అసలు లోపాలు రెండు. ఒక సంఖ్యను విడగొట్టేటప్పుడు ప్రాసెసర్‌లో ఒకే కోర్ వాడుతుంది. ఎనిమిది కోర్ల యంత్రంలో ఏడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. విడగొట్టాల్సిన సంఖ్యలు చాలా ఉంటే పార్‌అప్లై వాడి పంచవచ్చు, ఒక్కటే ఉంటే దారి లేదు. రెండోది, మధ్యలో ఆపితే చేసిన పని దక్కదు. కరెంటు పోయినా, కంట్రోల్-సీ కొట్టినా మళ్లీ మొదటికే. అందుకే గంట దాటే పనికి పారీని వాడొద్దని గట్టిగా చెబుతాం.

ఆ హద్దు ఎలా ఉంటుందో ఎఫ్9 చూపిస్తుంది. 155 అంకెలు. అందులో 2424833ని పారీ వెంటనే తీసి పక్కన పెడుతుంది. మిగిలిన 148 అంకెల ముక్కలో చిన్న కారణాంకమే 49 అంకెలు. జల్లెడకు పొడవు ఎక్కువ, ఈసీఎంకు కారణాంకం పెద్దది. రెండు తలుపులూ మూసే ఉన్నాయి. 1990లో దీన్ని విడగొట్టింది నంబర్ ఫీల్డ్ సీవ్ అనే ఇంకో రకం జల్లెడ. 2^512+1ని 8తో గుణిస్తే 2^103 అయిదో ఘాతానికి 8 కలిపినట్టు అవుతుంది. ఆ పొందికైన రూపమే ఆ జల్లెడకు ఊతమైంది. పారీలో ఇప్పుడు చేయగలిగిందల్లా, తెలిసిన కారణాంకం 7455602825647884208337395736200454918783366342657ను యాడ్‌ప్రైమ్స్‌కు ఇచ్చి, తర్వాత ఫ్యాక్టర్(2^512+1) అడగడం. అప్పుడు క్షణంలో పూర్తవుతుంది. మిగిలేది 99 అంకెల ప్రధాన సంఖ్య.

హద్దు దాటినవాటికి ఏం వాడాలి? కారణాంకం ఒకటి మధ్యరకంగా, 25 నుంచి 50 అంకెల దాకా ఉండొచ్చని అనుమానం ఉంటే జీఎంపీ-ఈసీఎం. దీనికి బీ1 అనే హద్దు, ఎన్ని కర్వ్‌లు అన్నది మనమే ఇవ్వాలి. 25 అంకెల కారణాంకానికి బీ1 50,000తో 214 కర్వ్‌లు, 30కి 2,50,000తో 430, 35కి 10,00,000తో 904, 40కి 30,00,000తో 2350, 50కి 4,30,00,000తో 7553. ఇన్ని నడిపినా దొరుకుతుందని పూచీ లేదు. ఆ పరిమాణంలో కారణాంకం ఉంటే చేజారే అవకాశం మూడో వంతుకు కాస్త ఎక్కువే, అది యాదృచ్ఛిక పద్ధతి మరి. అందరూ చేసే తప్పు ఒకేసారి పెద్ద బీ1తో మొదలుపెట్టడం. ఒక్కో కర్వ్‌కు సమయం పెరిగి, ఇరవై అంకెల కారణాంకం కోసం కూడా అనవసరంగా కాచుకుంటారు. కింది మెట్టు నుంచి ఎక్కడమే సరైన పద్ధతి.

80 నుంచి 100 అంకెల మధ్య, లోపల చిన్నవేవీ లేవని తేలితే యాఫూ. కోర్లన్నీ వాడుతుంది, ఆపి మళ్లీ మొదలుపెట్టినా పోగైన పని ఫైలులో ఉంటుంది. కొత్త యంత్రాల మీద 95 అంకెలు నిమిషాల పనే. వంద దాటాక ఫ్రాన్స్ వాళ్లదే క్యాడో-ఎన్ఎఫ్ఎస్. దాని సూచనల ఫైలులోనే 59 అంకెల మచ్చుసంఖ్య ఉంటుంది, దాన్ని నడిపి ఇన్‌స్టలేషన్ సరిచూసుకోవచ్చు. జవాబుగా నాలుగు పదిహేనంకెల ప్రధాన సంఖ్యలు రావాలి. ఏమీ చెప్పకపోతే అది తాత్కాలిక ఫోల్డరులో పనిచేస్తుంది, యంత్రం రీస్టార్ట్ అయితే అంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. వర్క్‌డిర్ అనే ఎంపికతో సొంత ఫోల్డరు చూపించి మొదలుపెట్టండి. 2020లో ఆర్ఎస్ఏ-250 అనే 250 అంకెల సవాలు సంఖ్యను విడగొట్టింది ఈ సాఫ్ట్‌వేరే. దానికైన గణన ఒక్క కోర్ లెక్కన సుమారు 2700 ఏళ్లు. అరవై అంకెల సంఖ్యకు దీన్ని దించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే, అక్కడ పారీ చాలు.

ఫోన్‌లోనే పని కావాలనుకునేవాళ్లకు అర్జెంటీనాకు చెందిన డారియో ఆల్పెర్న్ నడిపే ఆల్పెర్ట్రాన్ పేజీ బాగుంటుంది. బ్రౌజర్‌లోనే ఈసీఎం, జల్లెడ రెండూ నడుస్తాయి, భాజకాల సంఖ్య, మొత్తం, ఫై, వర్గాల మొత్తం రూపం అడగకుండానే చూపిస్తుంది. విద్యార్థికి పారీకన్నా ఇదే ముందు ఇవ్వాలి. ఆదేశాలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. లోటేమిటంటే, దాని జవాబును తీసుకుని ఇంకో లెక్కలోకి తోయాలంటే పారీలో ఉన్న సుఖం ఉండదు.

ఏ పెద్ద సంఖ్యనైనా చేతిలోకి తీసుకునే ముందు ఫ్యాక్టర్‌డీబీ అనే బహిరంగ నిల్వలో వెతకడం మర్చిపోవద్దు. ఎవరో ఇప్పటికే విడగొట్టి ఉండవచ్చు. అక్కడ ఎఫ్ఎఫ్ అంటే పూర్తిగా విడిపోయింది, సీఎఫ్ అంటే కొన్ని కారణాంకాలు తెలిసి ఇంకా సంయుక్త ముక్క మిగిలింది, సీ అంటే సంయుక్తమని తెలుసు కానీ ఒక్క కారణాంకమూ తెలీదు, పీఆర్‌పీ అంటే పరీక్ష దాటింది కానీ రుజువు లేదు. ఎఫ్12ని తీయండి: 1234 అంకెలు, తెలిసిన ప్రధాన కారణాంకాలు ఆరు. అతి చిన్నది 114689, 2010లో దొరికిన ఆరోది 54 అంకెలు. మిగిలిన 1133 అంకెల ముక్క సంయుక్తమని తెలుసు, లోపల ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు. పారీకి 2^4096+1 ఇస్తే మొదటి అయిదూ తీసిపెట్టి, ఆపైన మీరు ఆపేదాకా ఆగదు.